ఆఖరి గువ్వ

జిల్లాలో మిగిలిన ఆఖరి గువ్వ సాయమ్మ చేతుల్లో కొట్టుకుంటోంది. డ్రైవర్లు లేని లారీలు పక్కనుంచి దూసుకుపోతున్నాయి. మనిషికీ పశువుకీ ఆగే ఆ బండ్లు పిట్టలకు ఆగవు. రోడ్డు మీద వాలిన పిట్టలను తోలి కాపాడటమే ఆమె ఉద్యోగం.

"ఏ లారీ గుద్దిందో జెప్పు, దాన్ని కాలవెడత!" అని భర్త ఎల్లయ్య మీద అరిచింది.

"ఊకోవే. ముందుగాల నీళ్లు తాపు."

గువ్వ నీళ్లు మింగలేదు. తల వాల్చేసింది. చిట్లిన మెడలోంచి ఎర్రజొన్నలు ఆమె అరచేతిలో రాలాయి. ఊళ్లో ఎర్రజొన్న పండించేది వాళ్లొక్కరే. పొద్దున అందరిలాగే రోడ్డంచున వాటిని ఆరబోసి వచ్చింది సాయమ్మే.

"లారీ గాదయ్యా," అంది. "గింజలువోసి పిలిచింది నేను. దీన్ని నేనే సంపిన."