పాట కింద మొగ గొంతు

"ఎవడాడు?"

హనుమంతు చెవులకున్న హెడ్‌ఫోన్ గుంజి బల్ల మీద పారేసిండు. ముప్పై ఏండ్లు సిరిసిల్లల మరమగ్గాల మోతల బతికిన మనిషి, మామూలుగ మాట్లాడినా కొట్లాడినట్టే ఉంటది. ఇప్పుడైతే నిజంగనే కొట్లాటకు దిగిండు.

కరీంనగర్‌ల తమ్ముని బిడ్డ ప్రవళిక నడిపే రికార్డింగ్ స్టూడియో అది. ఎప్పుడో మగ్గాల షెడ్డు పక్కన కూసోని పెండ్లాం బాలలక్ష్మి పాడిన బతుకమ్మ పాట క్యాసెట్‌ను ఆ పిల్ల కంప్యూటర్ల ఎక్కించి, మగ్గాల మోత మొత్తం తీసేసింది. మోత పోయేసరికి పాట కింద ఇంకో గొంతు తేలింది. మొగ గొంతు. ఆమె పాడినంతసేపు వాడు మెల్లగ రాగం తీస్తనే ఉన్నడు.

"హై రెజల్యూషన్ పెద్దబాపూ. ఇగ ముందు పాటలన్ని గిట్లనే వస్తయి. ఊపిరి గుంజినా వినబడతది" అన్నది ప్రవళిక.

"గంత సాఫ్‌గ ఎవలు వినమన్నరు?"

హనుమంతు పెండ్లాం దిక్కు తిరిగిండు. "గా దినం టేప్‌రికార్డర్ తెచ్చింది బాలమల్లు గదా? వాడేనా?"

"కాదు."

"మరెవడు? నేను షెడ్డుల మగ్గం నడుపుతుంటే నీ పక్కకు ఎవడొచ్చిండు?"

బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నవ్వుతుందో ఏడుస్తుందో తెలుస్తలేదు. "చెప్తే నువ్వు నమ్మవు. పెండ్లయినకాడి నుంచి రోజు వింటున్న గొంతే."

"రోజా!" హనుమంతు బల్ల మీద గట్టిగ గుద్దిండు. "ప్రవళికా, గీ పాట బయటికి పోవద్దు, తుడిచెయ్యి. మీ పెద్దమ్మతోని నేను ఇంటికి పోను. నా తొవ్వ నేను చూసుకుంట."

"తుడుస్త గని, ఆఖరుసారి విను. గొంతు గుర్తువడతవేమో."

హనుమంతు ముంగటున్న మైకు జర జరిపి, ప్రవళిక హెడ్‌ఫోన్ మళ్ల ఆయన చెవులకు పెట్టింది. హనుమంతు కండ్లు మూసుకున్నడు. పాడుగాను, పాట మంచిగనే ఉన్నది! షెడ్డుల నూలు వాసన సుత యాదికొచ్చింది. అదే ఆయనకు ఇంకింత కడుపుమంట.

పాట అయిపోయింది.

"ఎవలో తెలిసిందా?"

"తెల్వలే. ఎవడో నా సంసారం ముంచిండు."

"అయితే గిది విను" అని ప్రవళిక ఇంకోటి పెట్టింది. ఇందుల బాలలక్ష్మి లేదు. ఒక్క మొగ గొంతే, అదే రాగం తీస్తుంది.

హనుమంతు దిగ్గున లేచిండు. "వాడే! ముసలోడైండు గని వాడే! ఏడ దొరికిండు? ఎప్పుడు రికార్డు చేసినవ్?"

"ఇప్పుడే పెద్దబాపూ. నువ్వు కండ్లు మూసుకోని పాట వింటుంటే, నీ ముంగటి మైకుల."