పాట ఆగే చోటు

“ఆ బ్యాండుకు రెండో రికార్డే గొప్ప. తర్వాతదంతా వేస్టు సార్,” అన్నాడు మునుసామి.

యానాం నుంచి గోరిమేడుకు బదిలీపై వచ్చి, పక్కింట్లో దిగిన ఫణిధర్ ఇంట్లో గోడ నిండా ఆ బ్యాండు రికార్డులే. అవి చూసిన దగ్గర్నుంచీ మునుసామికి కడుపు మండిపోతోంది. తనకున్నది ఆ రెండో రికార్డు క్యాసెట్టు ఒక్కటే.

“దాంట్లో ఆఖరి పాట వినుండారా? గిటారు మంచి ఊపులో ఉండంగా టక్కున ఆపేస్తారు. ఆ ధైర్యం ఇంకెవురికుండాది?”

ఫణిధర్ వింతగా చూసి, ఆ రికార్డు పెట్టాడు.

ఆ చోటు వచ్చింది. గిటారు ఆగలేదు. ఇంకా పైకి లేచింది.

మునుసామి మొహం మాడిపోయింది. పక్కన అతని భార్య నాగకుమారి, ఆ మిగతా భాగాన్ని తప్పు పోకుండా కూనిరాగంగా తీస్తోంది.

“నీకెట్ట తెలుసు?”

“పెండ్లికి ముందు, మా అన్న రికార్డు నుంచి ఆ క్యాసెట్టు ఎక్కిచ్చి నీకిచ్చింది నేనే గదా. చివర్న టేపు చాల్లేదు.”

“ముప్పై ఏండ్లు చెప్పలేదేంది?”

“యాడికి పోయినా ఆ తెగిన చోటునే పొగుడుతా ఉంటివి. ఎట్ట చెప్పేది?”

మునుసామి లేచి, రికార్డు మీది ముల్లు పైకెత్తేశాడు.

“మా ఇంట్లో ఈ పాట అక్కడికే అయిపోతాది సార్.”