పట్టుబడ్డ చెయ్యి

"దొరికాడు దొంగ! నా జేబులోనే చెయ్యి పెడతావురా?"

ఆ కేకకి బస్సు బస్సంతా ఉలిక్కిపడింది. వెనకాల టికెట్లు కొడుతున్న కండక్టరుకి గుండె జారిపోయింది. ఎందుకంటే అరిచింది మామూలు ప్రయాణికుడు కాదు, చెకింగ్ ఇన్‌స్పెక్టరు. తనిఖీ ముగించి, వచ్చే స్టాపులో దిగడానికని రెండో వరుసలో కూర్చున్నాడు. ఆయన కంట పడితే దోమ కూడా టికెట్టు చూపించాల్సిందేనని డిపోలో చెప్పుకుంటారు.

కండక్టరు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "ఎవరు సార్? ఎక్కడ?"

"కళ్ళు కనిపించడం లేదూ? ఇదిగో చెయ్యి! చచ్చినా వదలను."

నిజమే, ఇన్‌స్పెక్టరు కుడిచేత్తో ఒక మణికట్టుని ఉడుంపట్టు పట్టుకుని ఉన్నాడు. ఆయనకి ఎడమపక్క, కిటికీ దగ్గర కూర్చున్న గళ్ళ చొక్కా మనిషి మీదికి అందరి చూపులూ మళ్ళాయి.

"వీడే అయ్యుంటాడు, నాలుగు తగిలించండి," అంది వెనక సీట్లోంచి ఒక పెద్దావిడ.

గళ్ళ చొక్కా నిదానంగా రెండు చేతులూ పైకెత్తాడు. "అమ్మా, నావి రెండూ ఇవిగో. లెక్క చూసుకోండి."

దాంతో బస్సులో వాళ్ళందరూ ఎవరి చేతులు వాళ్ళు చూసుకున్నారు. ఎవరివి వాళ్ళకే ఉన్నాయి. కండక్టరు పట్టుబడ్డ చెయ్యి వెంబడే చూపు పోనిచ్చాడు. మణికట్టు, మోచెయ్యి, ఖాకీ చొక్కా, భుజం. ఆ భుజం పక్కన మెడ, మెడ మీద సాక్షాత్తూ ఇన్‌స్పెక్టరు గారి తల.

"సార్..." కండక్టరు ఆయన చెవి దగ్గరికి వంగాడు. "ఆ చెయ్యి తమరిదే సార్."

"వెటకారమా? నా చెయ్యేదో నాకు తెలీదా? మెమో ఇచ్చానంటే..."

మాట ముద్దముద్దగా వచ్చింది. మూతి ఎడమపక్క కిందికి జారింది. చూపు కుడివైపే అతుక్కుపోయి ఉంది.

"పొద్దున్నే పుచ్చుకున్నట్టున్నాడు," అని ఎవరో కిసుక్కున నవ్వారు.

గళ్ళ చొక్కా మాత్రం నవ్వలేదు. "తాగుడు కాదండీ, పక్షవాతం. డ్రైవరన్నా, బండి ఆసుపత్రికి తిప్పు!"

"పక్కవీధిలో క్లినిక్ ఉంది, ఆపెయ్యనా?"

"అక్కడ దగ్గు మందు తప్ప ఇంకేం ఉండదు. స్కానింగ్ ఉన్న పెద్దాసుపత్రికి పోనియ్. కండక్టరు గారూ, ఈయన ఆఖరిసారి బాగా ఉన్నది ఎప్పుడో రాసుకోండి. ముందు అదే అడుగుతారు."

కండక్టరు ఆలోచించాడు. ట్రిప్పు షీటు వెనకాల రాసుకున్నాడు: "తొమ్మిదీ నలభై. నన్ను చక్కగా తిట్టారు."

"నాకేం రోగం? నిక్షేపంలా ఉన్నాను," అని ఇన్‌స్పెక్టరు మొరాయించాడు. "దొంగని వదిలేసి ఎక్కడికీ రాను!"

"వదలొద్దు సార్," అన్నాడు గళ్ళ చొక్కా. "గట్టిగా పట్టుకోండి. తిన్నగా స్టేషన్లో అప్పగిద్దాం."

అలాగైతే సరేనన్నాడు. బస్సు దారి మళ్ళింది. దిగాల్సిన వాళ్ళు కూడా కిక్కురుమనలేదు. ఆసుపత్రి గుమ్మంలో నలుగురు కలిసి ఆయన్ని స్ట్రెచర్ ఎక్కించారు. తెల్లకోటు కనబడగానే ఇన్‌స్పెక్టరు, "ఎస్సై గారూ, ఇదిగో ముద్దాయి," అంటూ తన ఎడమచేతిని తనే అప్పగించాడు.

"ఏదీ, ఒక్కసారి నవ్వండి," అంది డాక్టరమ్మ.

"డ్యూటీలో నవ్వను."

ఆవిడ కండక్టరు రాసిన కాగితం చూసి, ఇంకేమీ అడక్కుండా స్కానింగ్ గదిలోకి పరిగెత్తించింది. పావుగంటలో బయటికొచ్చింది.

"మెదడు కుడివైపు పెద్ద రక్తనాళంలో గడ్డ అడ్డం పడింది. ఆ వైపు దెబ్బతింటే ఎడమ చెయ్యి పడిపోవడమే కాదు, ఒక్కోసారి అది తనదన్న స్పృహే పోతుంది. జబ్బు చేసిందని కూడా తెలియదు. అందుకే అంత ధీమా. నిమిషానికి లక్షల కణాలు చచ్చిపోతుంటాయి. తొడ దగ్గర్నుంచి సన్న గొట్టం పంపి గడ్డని లాగేస్తాం."

కబురందుకుని పరుగున వచ్చిన ఇన్‌స్పెక్టరు భార్య వెంటనే సంతకం పెట్టింది. కండక్టరు బల్ల మీద కూలబడ్డాడు. తిట్టే మనిషే కావచ్చు, పోతే మాత్రం తట్టుకోలేననిపించింది.

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది. "బియ్యపుగింజంత గడ్డ. వచ్చేసింది. ఎడమ వేళ్ళు కదుపుతున్నారు. చెయ్యి కూడా తనదేనని ఒప్పుకున్నారు! ఇంకో రెండు గంటలు ఆలస్యమై ఉంటే నేనేం చెప్పలేకపోయేదాన్ని."

కండక్టరు గళ్ళ చొక్కా కోసం వెతికాడు. అతను మెట్ల దగ్గర, వెళ్ళిపోవాలా ఉండాలా అన్నట్టు నిలబడి ఉన్నాడు.

"బతికించావు బాబూ! నువ్వేమైనా డాక్టరువా?"

"అంత చదువెక్కడిదన్నా. మా అమ్మకి ఇలాగే వచ్చింది. పొద్దుటికి తగ్గుతుందని పడుకోబెట్టాను. తగ్గలేదు."

కండక్టరు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "అయినా మేమందరం తాగాడనుకున్నాం కదా. నీకొక్కడికే అంత గట్టిగా ఎలా తెలిసింది?"

గళ్ళ చొక్కా అటూ ఇటూ చూశాడు. చేతులు విడిపించుకుని, చొక్కా లోపల్నుంచి ఒక నల్ల పర్సు తీసి కండక్టరు చేతిలో పెట్టాడు.

"ఆయన ఎడమ జేబులోంచి ఇది లాగుతుంటే దొరికిపోయాననే అనుకున్నానన్నా," అన్నాడు మెట్లు దిగుతూ. "పక్కనే ఉన్న నా చెయ్యి వదిలేసి, తన చెయ్యి తనే పట్టుకుని దొంగా దొంగా అంటుంటే అప్పుడే తెలిసింది, పాపం ఈయనకేదో అయిందని!"