రేవు దాటి వచ్చినాయన

"జబ్బు మొహం ఒక్కటి కూడా బయట కనపడకూడదు," అన్నాడు పంచాయతీ ప్రెసిడెంటు నాంచారయ్య.

మెంబరు తోమాసు తెల్లబోయాడు.

"ఆసుపత్రి కావాలని అడుగుతూ జబ్బువాళ్ళని దాచటమేంటండి?"

"నీకు తెలీదు, ఊరుకో. నిరుడు హైస్కూలు అడిగాం. వచ్చిన ఆఫీసరు మన పెంటకుప్పలు చూసి ముక్కు మూసుకున్నాడు. బడి పక్కూరికి పోయింది. పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చేస్తారా, చీమిడిముక్కుతో కూచోబెడతారా?"

తోమాసు తల గోక్కుంటూ పేటకి నడిచాడు. పేటలో చలిజ్వరంతో మూలుగుతున్నవాళ్ళని లేవదీసి, నడవలేనివాళ్ళని మంచాలతో మోయించి, ఊరి చివర నాంచారయ్య వడ్లకొట్లో చేర్చాడు.

నాంచారయ్య ఆత్రం ఊళ్ళో తెలియనిది ఎవరికి?

పెద్దకూతురు హైమావతికి నొప్పులొచ్చిననాడు కృష్ణకి వరద. పడవ వెయ్యలేదు. బందరు ఆసుపత్రి ఏటికి అవతలుంది. పిల్ల ఇవతల గట్టు మీదే ప్రాణం విడిచింది.

ఇప్పుడు చిన్నకూతురు కనకదుర్గకి నెలలు నిండుతున్నాయి.

అందుకే దివిసీమలో ఎక్కడో ఒకచోట ఆసుపత్రి పెట్టిస్తానని ఎమ్మెల్యే గోవర్ధనరావు అన్న దగ్గర్నించీ నాంచారయ్యకి కంటిమీద కునుకు లేదు. ఆ ఎమ్మెల్యే ఇవాళ ఊరు చూడ్డానికి వస్తున్నాడు.

పొద్దుటి పడవలో ఎవరో ఒకాయన దిగాడు. ముతక పంచె, చంకలో గొడుగు. కుడికాలు బోదకాలు. దాన్ని ఈడ్చుకుంటూ తిన్నగా ఎమ్మెల్యే కోసం వేసిన పందిట్లోకే వచ్చాడు.

"ఖర్మ. ఊళ్ళోవాళ్ళు చాలక అరువు కూడానా," అని గొణిగాడు నాంచారయ్య.

"ఇక్కడ జ్వరమొస్తే ఎక్కడికెళ్తారండీ?" అన్నాడాయన.

"మా ఊళ్ళో జ్వరాలు రావు."

"పురుళ్ళు?"

"నిక్షేపంగా అవుతాయి. ఎవరింటికి తమరు?"

"ఎవరింటికీ కాదండి. ఊరు చూసి పోదామని."

"చూడ్డానికి ఇదేమన్నా తిరనాళ్ళా? తోమాసూ, ఈయన్ని కూడా కొట్లో పడెయ్."

కొట్లోకి తోసినా ఆయన నొచ్చుకోలేదు. వణుకుతున్న మార్తమ్మ పక్కన చతికిలబడ్డాడు.

"నీ కాలు ఎన్నాళ్ళ బట్టి నాయనా?" అంది మార్తమ్మ.

"చిన్నప్పట్నించీనమ్మా. ఈ దివిసీమ దోమలు పెట్టిన భిక్షే."

"అయితే మనోడివే," అని అంత జ్వరంలోనూ నవ్విందామె.

కాసేపటికి దాహమని బయటికొచ్చాడు. ఎదురుగా ప్రెసిడెంటు ఇల్లు. కనకదుర్గ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

చెంబు అందుకున్నవాడు తాగటం మరిచి ఆమె పాదాలకేసి చూస్తూ ఉండిపోయాడు.

"కాళ్ళు ఎప్పట్నించి వాచాయమ్మా? తలనొప్పి కూడా ఉందా? కళ్ళు మసకలేస్తున్నాయా?"

"రెండు పూటల బట్టీ తల పగిలిపోతోందండీ," అంది కనకదుర్గ.

"ఒక్కసారి అరుగు మీద కూచుని కాలు చాపు, చూస్తాను."

ఆ మాట పందిట్లోంచి వస్తున్న నాంచారయ్య చెవిన పడింది.

"ఆడపిల్ల కాళ్ళు నీకెందుకయ్యా? సిగ్గులేదూ?"

"కోపగించుకోకండి. ఆ వాపూ తలనొప్పీ మంచివి కావు, ఈ అమ్మాయిని ఇప్పుడే పడవెక్కించండి. బందరు..."

"నా గడపలో పడవ పేరెత్తకు."

హైమావతి గుర్తొచ్చి నాంచారయ్య నిలువెల్లా ఊగిపోయాడు.

"చెప్పేది వినండి. నేను బందరు ఆసుపత్రిలో..."

"అక్కడుండాల్సినవాడివి ఇక్కడికెందుకు తగలడ్డావు? ఒరే, ఈయన్ని తిరుగు పడవలో కూలెయ్యండ్రా."

ఇద్దరు పాలేర్లు ఆయన రెక్కలు పట్టుకున్నారు. ఆయన వెనక్కి తిరిగి గట్టిగా ఏదో అంటూనే ఉన్నాడు. అంతలో కరకట్ట మీద జీపు దుమ్ము కనపడింది. డోలూ సన్నాయీ అందుకున్నాయి. ఆయన నోరు కదలటమే గాని మాట ఎవరికీ వినపడలేదు.

జీపు దిగిన గోవర్ధనరావు మెళ్ళో దండలు తీసి డ్రైవరుకిచ్చాడు. ఊరంతా తిరిగాడు. మొహం చిట్లించాడు.

"జబ్బువాళ్ళెవరూ లేరేంటండీ?"

"మీ దయవల్ల అంతా ఆరోగ్యమేనండి," అన్నాడు నాంచారయ్య చేతులు కట్టుకుని.

"మరి ఆసుపత్రి దేనికి?"

నాంచారయ్య తోమాసుకేసి చూశాడు. తోమాసు తల దించుకున్నాడు.

"కట్టడం ఎంతసేపు లెండి," అన్నాడు గోవర్ధనరావు విసుగ్గా. "నా హయాంలో కట్టించినవాటిల్లో మేకలు పడుకుంటున్నాయి. ఏరు దాటమంటే డాక్టర్లు సెలవు పెట్టేస్తున్నారు. అసెంబ్లీలో అరిచి అరిచి గొంతు పోయింది. అందుకే ఈసారి గోడలు పక్కనపెట్టి ముందు మనిషిని వెతికాను. ఆయన ఏ ఊరు చూసి సరేనంటే ఆ ఊళ్ళోనే ఆసుపత్రి."

"ఆయనెప్పుడొస్తారండి?" అన్నాడు నాంచారయ్య ఆశగా.

"పొద్దుటి పడవకే వచ్చుండాలే. చుట్టుదారిన జీపులో రమ్మంటే రాలేదు. రోగి ఏ దారిన వస్తాడో ఆ దారినే వస్తానన్నాడు. మీ ఊరు నచ్చకపోతే రేపు నాగాయలంక వైపు చూస్తాడు."

తోమాసు రేవుకేసి చూశాడు. పడవ అవతలి ఒడ్డు చేరిపోయింది.

అరుగు మీద కనకదుర్గ రెండు చేతులతో తల పట్టుకుని, స్తంభానికి ఆనుకుని కూచుంది.

"ఎలా ఉంటారండీ ఆయన?" అన్నాడు నాంచారయ్య.

"బోదకాలు మనిషి, ఇట్టే పోల్చుకోవచ్చు, బందరులో పురుళ్ళ డాక్టరు, ఈ ఏరు దాటొచ్చి మీ ఆడవాళ్ళ కోసం ఇక్కడే ఉండిపోతానన్నది జిల్లా మొత్తానికి ఆయనొక్కడే," అన్నాడు గోవర్ధనరావు.