వెనక తెడ్డు

“ఏమండీ! ఇంక చాలు, పైకి రండి!”

కయాక్ పడవ ముందు సీట్లో లలితకుమారి. వెనక సీటు ఖాళీ. ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన నల్లరాళ్ల దీవి అది. పక్క రాళ్ల మీద సీల్ జంతువులు తలలెత్తి ఆమెనే చూస్తున్నాయి, చావింటికొచ్చిన చుట్టాల్లా.

సీళ్లని నీళ్లలోంచే చూస్తానని మధుసూదన్ అందరికీ ఇచ్చిన నల్లసూటు మీద మాస్కూ ఊపిరి గొట్టమూ తగిలించుకుని దూకినప్పుడు ఎండ కాస్తోంది. “అక్కా, సారుని జూసి సీళ్లు భయపడ్తున్నయ్!” అని పక్క కయాక్‌లోంచి డబ్లిన్ తెలుగు కుర్రాళ్లు నవ్వారు కూడా. అంతలోనే పొగమంచు గోడలా వచ్చిపడింది. ఇప్పుడు చేతిలో ఉన్న తెడ్డు చాపినంత దూరం దాటితే ఏమీ కనబడటం లేదు.

ఈత రాదు ఆమెకి. అయినా ఆయనొస్తే తప్ప కదలనని రాతిని పట్టుకుని కూర్చుంది.

గైడమ్మాయి పేరు నీవ్. నువ్వు అని కాదు, పేరే అది. ఆ పిల్ల వచ్చి, సముద్రం పోటెక్కుతోంది, మనల్ని తెచ్చిన పెద్ద పడవ దగ్గరికి పోదాం రమ్మని ఇంగ్లీషులో బతిమాలింది. వినకపోతే, “పోనీ, పేరు పెట్టి గట్టిగా పిలువు,” అంది.

పెళ్లైన ఇన్నేళ్లలో నోటికి రాని పేరు ఇప్పుడేం వస్తుంది? “ఏమండీ!” అనే అరిచింది.

“యు ఆర్ గ్రాండ్, యు ఆర్ గ్రాండ్,” అంటూ నీవ్ మంచులోకి వెళ్లిపోయింది. ఈ దేశంలో గ్రాండ్ అంటే గొప్పగా ఉందని కాదు, ఫర్లేదని. రెండుసార్లంటే మాత్రం ఏదో ఉందని. మంచులో వాకీటాకీ గుసగుసలాడింది.

“ఏమండీ!”

కయాక్ ఒక్కసారి ఊగింది. వెనక సీట్లో బరువు పడింది. తల తిప్పి చూసింది. నల్ల సూటు, నల్ల టోపీ, మాస్కు. ఒళ్లంతా కారుతున్న నీళ్లు.

“వచ్చారా! ప్రాణం పోయింది నాకు!”

“ఊ.”

ఇంకా అలకే. అలిగితే మధుసూదన్ నోట ఊ తప్ప రాదు. ఆమె రాయి వదిలింది. వెనక తెడ్డు నీళ్లని కసిగా కోస్తోంది.

“రాత్రి నేనన్న మాట మనసులో పెట్టుకునే దూకారు కదూ? మీతో బతకలేనంటే నిజంగా బతకలేననా?”

తెడ్డు తడబడింది.

“లూకన్‌కి మారడం వద్దు, మా అక్క పక్కన ఇల్లూ వద్దు. మీ రింగాస్కిడీ ఉద్యోగం మీరు చేసుకోండి. బాలింకాలిగ్‌ ఇంట్లోనే పడుందాం. సరేనా?”

“ఊ.”

ఆ ఊ వణికింది. ఏడుస్తున్నాడు! ఇన్నేళ్లలో మొదటిసారి. ఆమెకి నవ్వూ జాలీ కలిసొచ్చాయి.

దూరంగా, వెనకెక్కడో, ఒక సీల్ అరిచింది.

“విన్నారా? అచ్చం మనిషిలా!”

తెడ్డు ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ ఇంకా జోరుగా పడింది.

పెద్ద పడవ నిచ్చెన కనబడింది. ఎవరో ఆమెని రెక్క పట్టి పైకి లాగారు. దుప్పటి కప్పారు. ఒక్కరూ కళ్లలోకి చూడలేదు.

“ఆయనకీ ఒకటివ్వండి, తడిసి ముద్దయ్యారు,” అంది.

వెనకాలే ఎక్కినవాడు మాస్కు పీకేసి, ఆమె కాళ్ల దగ్గర కూలబడి, “మాఫ్ చెయ్యున్రి అక్కా, మీ సారు ఇంకా దొర్కలే,” అన్నాడు.