నాయనమ్మ మెడ

"స్పీడ్ బ్రేకర్ వస్తోంది నాయనమ్మా, గట్టిగా పట్టుకో!"

"మెడే పట్టేసింది, ఇంకేం పట్టుకోనురా?"

కారు ఎగిరి పడింది. మనవడి స్పోర్ట్స్ కారుకి మెకానిక్ గట్టి షాక్ అబ్జార్బర్లు బిగించి, ఓసారి నడిపి చూడమన్నాడు. మలుపుల్లో కారు ఒరగనే లేదు. మనవడికి ప్రాణం లేచొచ్చింది. పక్క సీట్లో నాయనమ్మ ప్రాణం మాత్రం పోయినంత పనైంది.

మెకానిక్ షెడ్డు ముందు ఆపి, "పోన్లే, మెత్తవే వేయిస్తా," అన్నాడు నీరసంగా.

వాడి గొంతులో దిగులు నాయనమ్మ పసిగట్టింది. "వద్దురా! ఆ కుదుపుకి నా మెడ బాగైపోయింది. ఇవే ఉంచు."

"నిజంగా?"

"నీ కారు మీద ఒట్టు!"

వాడు ఒక్క గంతులో దిగాడు. "అన్నా, నాయనమ్మ మెడ కూడా బాగైంది, గట్టివే ఖాయం!" అన్నాడు మెకానిక్‌తో.

నాయనమ్మ కూడా దిగి నాలుగడుగులు వేసింది.

"మామ్మగారూ, గొడుగు మర్చిపోయారు," వెనక నుంచి పిలిచాడు మెకానిక్.

నాయనమ్మ మెడ తిప్పలేదు. పాదాలు, నడుము, భుజాలు అన్నీ కలిపి రోడ్డు రోలర్‌లా మెల్లగా తిరిగింది.

మనవడు చూశాడు.

"అన్నా, మెత్తవే వేసెయ్."

"అదేంటి? మామ్మగారి మెడ బాగైందిగా!"

"ఆవిడకి బాగైంది," అన్నాడు వాడు తల ఓ పక్కకి వాల్చి. "ఇప్పుడు నాకు పట్టేసింది."