ఎడమ మోకాలు

ముసలితనం వెనక్కి మళ్లడానికి అనసూయమ్మ మేక గ్రంథి పెట్టించుకుని మూడేళ్లయింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, కోడలు వైదేహి కంటే చలాకీగా మెట్లెక్కుతుంది. గ్రంథి ఇచ్చిన మేక మాత్రం ఏడాదిలోనే ముసలిదైపోతుంది. గ్రంథి తీసుకున్నవాళ్లే దాన్ని చచ్చేదాకా సాకాలని నియమం. అందుకే ఆ వీధిలో ప్రతి బాల్కనీలోనూ పళ్లూడిన మేక ఒకటి ఉంటుంది.

వైదేహి మేకకు అవిసాకు మెత్తగా నూరి పెట్టి, కాళ్లకు వేడి నూనె రాస్తోంది.

"రేపు ఆస్పత్రివాళ్లు రెండో మేకను తెస్తారట. పాత గ్రంథి పని అయిపోవస్తోంది కదా," అంది అనసూయమ్మ, వాకింగ్ బూట్లు వేసుకుంటూ.

"ఇంకోదానికి చెయ్యడం నా వల్ల కాదత్తయ్యా."

"మేకే కదే."

"మేకే. మూడేళ్ల కిందటి దాకా ఈ పీట మీదే కూర్చుని, ఈ నూనే మీకు రాసేదాన్ని."

మేక మూలిగింది. అనసూయమ్మ కాసేపు దాన్నే చూసి, బూట్లు విప్పి పక్కన కూర్చుంది.

"కుడిది కాదు, ఎడమ మోకాలికి రాయి. చిప్ప కింద. నాకూ అక్కడే లాగేది," అంటూ తనే గిన్నె అందుకుంది. నూనె రాస్తూ తలెత్తకుండానే అంది:

"రేపు వాళ్లను రావద్దను. నూనె ఇంకో సీసా తెప్పించు."